యూరప్ ఉపన్యాసానికి గేటు మీటింగ్ జనం

నేను చెప్పేదాంట్లో సగం కొట్టేసి మిగతా సగం నమ్మాలని మా కాలేజీలో ఒక లెక్క ఉండేది. ప్రిన్సిపాల్ గారైతే ముప్పావు కొట్టేసేవారు. ఒకసారి హాల్లోకి పాము వచ్చిందని పరుగెత్తుకుంటూ వెళ్లి చెబితే, ఫైల్లోంచి తల ఎత్తకుండానే "వానపామా?" అని అడిగారు. నిజంగా పామే. కాకపోతే నేను చెప్పినంత పొడవు లేదు, అంతే.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఇప్పుడు నన్ను కూర్చోబెట్టి, "కాకా, నీ సర్వీసుల జరిగిన ఒక్క ముచ్చట చెప్పరాదు" అని అడుగుతుంటారు. ఆలోచిస్తే ప్రతిసారీ యూరపే గుర్తుకొస్తుంది. నేనేమీ యూరప్ పోలేదు. గోదావరి దాటి పోవాలంటేనే నాకు బస్సులో కడుపు తిప్పుతుంది. యూరపే ఒక సాయంత్రం రామగుండం దిక్కు వచ్చింది, అది కూడా మొదటి షిఫ్టు దిగాక.

బొగ్గు బాయిల నడుమ ఒక పీజీ కాలేజీ. ఏ కాలేజీ అని అడగొద్దు, చెప్పను. కాగితం మీద నేను అటెండర్‌ని. చేసేదంతా హాలు పని. తాళం తీయడం, కుర్చీలు తుడవడం, మైకు పెట్టడం. మోకాళ్లు మొరాయించి ముందుగానే ఉద్యోగం వదిలేసేదాకా ఆ మైకుతోనే నా కాపురం. మా ఆంప్లిఫయర్‌కు ఒక గుణం ఉండేది. స్టేజీ మీద ఫ్యాను వేస్తే చాలు, గుయ్యిమని ఏడుపు మొదలుపెట్టేది. అందుకని ఎంత పెద్ద మనిషి వచ్చినా మా స్టేజీ మీద చెమటలు కక్కుతూనే మాట్లాడాలి. ఉపన్యాసాలు తొందరగా ముగియడానికి ఆ ఆంప్లిఫయర్ చేసినంత సాయం ఏ అధ్యక్షుడూ చేయలేదు.

రాజనీతి శాస్త్రం చెప్పే మేడం మా దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసేవారు. వయసులో నాకంటే బాగా చిన్న. నన్ను అన్నా అని పిలిచేవారు. వాళ్ల నాయిన బెల్లంపల్లి దిక్కు ఒక బాయిలో పనిచేసిన మనిషి. ఆ బాయి మూతపడ్డాక ఇటు బదిలీ అయితే, పిల్లలతో సహా ఇటొచ్చేశారు. పాఠం చెప్పేటప్పుడు ఆమె పుస్తకం తెరవగా నేను చూడలేదు. కిటికీ అవతల నిలబడి నేను కూడా కొన్ని పాఠాలు విన్నాను. కిటికీలు తుడిచే పని నాదే కాబట్టి ఎంతసేపు తుడిచినా అడిగేవాళ్లు లేరు.

ఆ ఏడు రాజనీతి శాస్త్రంలో చేరినవాళ్లు ఒక ఆటోకు సరిపడేంత మంది. మన ఆటో సుమా, కాస్త ఎక్కువే పడతారు. అయినా యూనివర్సిటీకి చాలలేదు. పిల్లలు రాని కోర్సు ఎందుకు నడపాలని పైన మాట నడుస్తోందని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. కోర్సు మూస్తే పర్మనెంటు లెక్చరర్లను వేరే కాలేజీలకు పంపుతారు. కాంట్రాక్టు వాళ్లకు ఆ బదిలీ ఉండదు. అంటే మేడం ఇంటికే.

ఆమె ఊరుకునే రకం కాదు. యూరప్ రాజకీయాల మీద, అక్కడి ప్రజా వ్యవహారాల మీద వరుసగా మూడు ఉపన్యాసాలు పెట్టించారు. యూరప్‌లో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, రిటైరై, హైదరాబాద్‌లో ఉంటున్న ఒక ప్రొఫెసర్ గారిని ఒప్పించారు. ఈ కాలేజీలో ఇంకా చదువు జరుగుతోందని యూనివర్సిటీకి కనపడాలని ఆమె పట్టుదల.

"యూరప్ ఎందుకు మేడం, మన దగ్గర రాజకీయాలకు కరువా?" అని అడిగాను.

"మన రాజకీయాల మీద పెడితే హాలు నిండుతది గానీ కుర్చీలు మిగలవన్నా" అన్నారు.

మొదటి ఉపన్యాసం, యూరప్ దేశాలు కలిసి ఒక పార్లమెంటు ఎట్లా నడుపుకుంటున్నాయనే విషయం మీద. అటెండెన్స్ వేస్తామంటే పిల్లలు వచ్చారు. అటెండెన్స్ పడగానే నీళ్లు తాగొస్తామని బయటికి పోయి, ఆ నీళ్లలోనే కొట్టుకుపోయారు. రెండోది సంకీర్ణ ప్రభుత్వాల మీద. ఆ రోజు వాన వచ్చింది. వాన పుణ్యమా అని రోడ్డున పోయేవాళ్లు కొందరు హాల్లోకి వచ్చి కూర్చున్నారు. ఒకాయన చంకలో కోళ్లు కూడా ఉన్నాయి. పార్టీల పొత్తుల గురించి ప్రొఫెసర్ గారు చెబుతుంటే మధ్యమధ్యలో కోళ్లు ఆమోదం తెలిపాయి. వాన వెలిసింది, పొత్తు విడిపోయింది.

పూర్తిగా విన్నది నేనొక్కణ్ణే. మైకు దగ్గర కూర్చునేవాడికి పారిపోయే వీలుండదు. వింటూ వింటూ నాకు నిజంగానే రుచి పుట్టింది. సాయంత్రం డ్యూటీ అయ్యాక దగ్గర్లోని బాయి క్యాంటీన్‌కు పోయేవాణ్ణి. మా అక్క మొగుడు అక్కడ టీ పోసేవాడు. విన్నదంతా అక్కడ దింపేవాణ్ణి.

"బావా, యూరప్‌ల ఒక దేశం ఏడాది దాటి సర్కారు లేకుంటనే నడిచిందట" అన్నాను ఆ వాన రోజు సాయంత్రం.

టీ తాగుతున్న వాళ్లంతా ఒక్కసారి నవ్వారు. వాళ్లలో తెల్ల మీసాల పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు. ఆ బాయిలో అందరికీ ఆయన కాకే.

"ఓవర్‌మన్ ఒక్క పూట రాకుంటే మా షిఫ్టే నడవది. సర్కారు లేకుంట దేశం నడుస్తదా" అన్నాడు కాక.

"నిజం కాకా. ఎలక్షన్లయినయి, పార్టీలకు పొత్తు కుదరలే. ఆఫీసులు ఆఫీసులే నడిచినయి, బస్సులు బస్సులే నడిచినయి."

"పోయినసారి గోదావరిల మొసలి మీద కూసొని అవతలి ఒడ్డుకు పోయిన్నంటివి. గదే నయముండె. నమ్మబుద్ధయింది."

ఇదీ నా జీవితం. మొసలిని నమ్మారు, యూరప్‌ను నమ్మలేదు.

మూడో ఉపన్యాసం బొగ్గు మీద. యూరప్‌లో గనులు ఎట్లా మూశారు, మూయాలని ఎవరు నిర్ణయించారు, ఆ తర్వాత ఆ ఊళ్ల జనం ఏ పార్టీల వైపు మళ్లారు అని. అదే రోజు యూనివర్సిటీ నుంచి ఒక పెద్ద సారు కాలేజీ చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది. ఆయన వెళ్లి చెప్పే మాట మీదే కోర్సు ఉండటమో పోవడమో అట.

మేడం హాలు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "అన్నా, ఈసారి మాత్రం జనం కావాలె."

"ఎంతమంది మేడం?"

"కోళ్లు కాకుండ ఎంతమందైనా."

నవ్వుతూనే అన్నారు గానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. నేను తిన్నగా క్యాంటీన్‌కు పోయి, పోస్టరు బావ చేతిలో పెట్టి, జనం కావాలని చెప్పాను. ఊరికే చెప్పి ఊరుకోలేకపోయాను. వస్తున్నాయన మామూలు మనిషి కాదని, ఆయనను అడగకుండా యూరప్‌లో ఏ మంత్రీ ఏ గనికీ తాళం వేయడని అక్కడున్నవాళ్లతో అన్నాను. ఉపన్యాసానికి కాస్త ఉప్పు పడాలి కదా.

ఇక్కడ బాయి ప్రాంతంలో పుట్టని పిల్లల కోసం ఒక సంగతి చెప్పాలి. బాయి గేటు పక్కన గోడకు ఒక నల్లబోర్డు ఉంటుంది. దాని మీద ఊరికే ఎవరూ ఏమీ రాయరు. ఎవరైనా చనిపోతే రాస్తారు, గేటు మీటింగ్ ఉంటే రాస్తారు. ఆ బోర్డు చూడకుండా ఎవడూ బాయిలోకి దిగడు. గేటు మీటింగ్ అంటే షిఫ్టు మొదలయ్యే ముందు గేటు దగ్గర మైకు పెట్టి మాట్లాడుకోవడం. పెద్ద సంగతి ఏదైనా ఉంటే ఆఫీసరును కూడా అక్కడికే పిలుస్తారు. ఆఫీసరు తన గదిలో నలుగురికి చెప్పింది మాట కిందికి రాదు. అందరూ వింటుండగా మైకులో చెప్పిందే మాట. ఆ మాట వచ్చేదాకా జనం కదలరు. గొడవ చేయరు, తలుపులు మూయరు. ఊరికే కూర్చుంటారు. ఎదుటి మనిషికి అంతకంటే కష్టమైనది ఇంకొకటి లేదు.

మా బావ ఆ పోస్టరును చూసి, యూరప్ అని ఉంటే ఎవడొస్తాడని ఆలోచించాడు. పోస్టరు మడిచి పెట్టేసి, సుద్దముక్క తీసుకుని నల్లబోర్డు మీద తన సొంత చేత్తో రాశాడు: బొగ్గు బాయిల మూసివేత గురించి ప్రొఫెసర్ గారు మాట్లాడుతారు, కాలేజీ హాలు, రేపు సాయంత్రం నాలుగు గంటలకు, అందరూ రావాలె.

ఇక చూడండి. రెండో షిఫ్టుతో నా కథ నేను చెప్పినట్టే బాయిలోకి దిగింది. ఆ షిఫ్టుతో పైకి వచ్చేసరికి ప్రొఫెసర్ గారు యూరప్ కంపెనీ మనిషి అయ్యారు. రాత్రి షిఫ్టు చెప్పుకునేసరికి ఆయన బాయిని చూడటానికి వస్తున్నారు. తెల్లవారేసరికి తాళం, చెవి రెండూ ఆయన జేబులోనే ఉన్నాయి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఇన్నేళ్లుగా కథలు చెబుతున్నవాణ్ణి, నా కథను నాకంటే బాగా చెప్పినవాళ్లు ఉన్నారని తెలిసి కొంచెం కుళ్లుకున్నాను కూడా.

ఆ రోజు నాలుగు కాకముందే హాలు నిండిపోయింది. మొదటి షిఫ్టు దిగి, స్నానాలు చేసి, తలలు దువ్వుకుని వచ్చారు. ఎంత కడిగినా పోని బొగ్గు కళ్ల అంచుల్లో కాటుకలా మిగిలి ఉంది. కొందరి వెంట ఇంటివాళ్లు కూడా వచ్చారు. కుర్చీలు చాలక గోడ వెంట నిలబడ్డారు, మెట్ల మీద కూర్చున్నారు. బయట మిగిలినవాళ్ల కోసం నేను గుమ్మం పైన ఒక హారన్ కట్టాను.

ప్రిన్సిపాల్ గారు నన్ను పక్కకు లాగి, "ఏం చెప్పి తెచ్చావయ్యా?" అని అడిగారు.

"యూరప్ అని చెప్పినం సార్."

ఆయన ముప్పావు కొట్టేయడం మరిచిపోయారు, అంత సంతోషంలో ఉన్నారు. యూనివర్సిటీ పెద్ద సారు కారు దిగి, జనాన్ని చూసి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. "యూరప్ రాజకీయాల మీద ఇంత ఆసక్తా?" అన్నారు. "మా ప్రాంత చైతన్యం అలాంటిది సార్" అన్నారు ప్రిన్సిపాల్ గారు. మేడం మాత్రం జనాన్ని చూసి, నన్ను చూసి, మళ్లీ జనాన్ని చూశారు. ఆమె బాయి పిల్ల. ముఖాలు చదవగలరు. హాల్లో ఒక్కరూ నవ్వడం లేదు. అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. అవి ఉపన్యాసం వినే ముఖాలు కావు, గేటు మీటింగ్ ముఖాలు.

ప్రొఫెసర్ గారు కాగితాలు సర్దుకుని, చెమట తుడుచుకుని మొదలుపెట్టారు. "మిత్రులారా, ఐరోపా సమాఖ్యలో నిర్ణయాధికారం అనేక అంచెల్లో ఉంటుంది."

మూడో వరుసలో కాక లేచాడు.

"సారూ, జర ఆగుండ్రి. అంచెలు తర్వాత. మా బాయి ఎప్పుడు మూస్తున్నరు, అది చెప్పుండ్రి."

ప్రొఫెసర్ గారు తడబడ్డారు. "మీ గనా? నాకు తెలియదండీ."

"తెల్వకుంటనే తాళంచెయ్యి జేబుల పెట్టుకొని వచ్చిన్రా?"

పాపం, అమాయకుడు. ఆయన నిజంగానే జేబులు తడుముకుని, హైదరాబాద్ ఇంటి తాళంచెవి బయటికి తీసి చూపించారు. "ఇదా?"

హాలంతా లేచి నిలబడింది. "ఉన్నది, చూసిన్రా" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ముందు వరుసలో ఒక తల్లి చేతులు జోడించింది. "సారు, మా పిల్ల ఇంటర్ల ఉన్నది. పరీక్షలు అయ్యేదన్క ఆగుండ్రి. నడుమల క్వార్టర్ ఖాళీ చెయ్యమంటే ఏడికి పోవాలె?"

ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది. వీళ్లు రాత్రంతా దీనితోనే పడుకున్నారని అప్పుడు అర్థమైంది.

పెద్ద సారు ప్రిన్సిపాల్ గారి చెవిలో ఏదో అడిగారు. ప్రిన్సిపాల్ గారు నా వైపు చూశారు. ఆ చూపులో నా ఉద్యోగం కూడా కోర్సుతో పాటు పోతున్నట్టు కనపడింది. గోడ పక్కన మా బావ నెమ్మదిగా చెయ్యి ఎత్తాడు. "తప్పు నాది. యూరప్ అని రాస్తే ఎవ్వరు రారని రాయలే" అన్నాడు. నేను మైకు అందుకున్నాను.

"కాకా, గిది యూరప్ ముచ్చట. మన బాయి ముచ్చట కానే కాదు."

"నువ్వు ఊకో" అన్నాడు కాక. "నువ్వు కాదంటే అనుమానం ఇంక పెద్దగైతది."

మేడం నా చేతిలోంచి మైకు తీసుకున్నారు. క్లాసులో మాట్లాడినట్టు కాదు, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడారు.

"కాకా, మీ బాయి సంగతి మాకు తెల్వదు. ఈ సార్‌కు గూడ తెల్వదు. ఆ తాళంచెయ్యి ఆయన ఇంటిది. తెలిసి దాచిపెట్టే మనుషులం కాదు మేము. నేను గూడ బాయి పిల్లనే. మా నాయిన పనిచేసిన బాయి మూస్తరని మాకు కూసోబెట్టి ఎవ్వరు చెప్పలే. ఒకనాడు మా నాయిన డ్యూటీ దిగి వచ్చి, లోపట పంపులు గూడ తీస్తున్నరే అని మా అమ్మతోటి అని, అన్నం తినకుంట పండుకున్నడు. పంపులు తీస్తే నీళ్లు నిండుతయి. నీళ్లు నిండిన బాయి మళ్ల తెరవరు. గట్ల తెలిసింది మాకు. వేరే దేశాలల్ల గూడ గట్లనే తెలుస్తదా, లేకుంటే ముందుగాల ఎవరన్న చెప్తరా అని అడగాలని ఈ సార్‌ను పిలిచిన. మీరు వచ్చిన్రు గాబట్టి మీ ముందటనే అడుగుత."

హాలు మెల్లగా కూర్చుంది. మేడం ప్రొఫెసర్ గారి వైపు తిరిగి, "చెప్పండి సార్" అన్నారు.

ప్రొఫెసర్ గారు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. టేబులు వెనక నుంచి ముందుకు వచ్చి స్టేజీ అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. ఇక అంచెలు లేవు, సమాఖ్య లేదు. మామూలు మాటలు.

బ్రిటన్ గురించి చెప్పారు. గనులు మూస్తామంటే కార్మికులు నెలల తరబడి సమ్మె చేశారని, ప్రభుత్వం మొండికేసిందని, చివరికి సమ్మె ఓడిపోయి గనులు ఒకటొకటిగా మూతపడ్డాయని. "గెలిచామని ప్రభుత్వం అనుకుంది. కానీ ఆ ఊళ్లలో ఆ కోపం చల్లారలేదు. అప్పటికి పుట్టని మనవళ్లు కూడా ఇవాళ దాన్ని మనసులో పెట్టుకునే ఓటు వేస్తున్నారు" అన్నారు. తర్వాత జర్మనీ గురించి చెప్పారు. అక్కడ కూడా మూశారు. కానీ ప్రభుత్వం, కంపెనీలు, సంఘాలు ఏళ్ల తరబడి ఒకే బల్ల దగ్గర కూర్చుని పోట్లాడుకున్నాయట. ఏ ఏడు మూస్తారో ముందుగానే చెప్పారు. వయసు మళ్లినవాళ్లకు పింఛను, మిగతావాళ్లకు వేరే పని. "అందరూ సుఖపడ్డారని చెప్పను. ఊరికి ఊరే దిగాలుపడిన చోట్లు నేను చూశాను. కానీ తమకు చెప్పకుండా చేశారని అన్నవాళ్లు తక్కువ."

"సంఘపోళ్లను బల్ల కాడ కూసోనిచ్చిన్రా?" అని ఒకరు అడిగారు. "కాంట్రాక్టు మనుషుల సంగతేంది సార్?" అని ఇంకొకరు. కాంట్రాక్టు అన్న మాటకు మేడం తల వంచుకున్నారు. ఆ ప్రశ్నకు మాత్రం ప్రొఫెసర్ గారు ఒక్క ముక్కలోనే, "అక్కడ కూడా వాళ్ల సంగతి చివరనే వచ్చింది" అన్నారు.

మూసిన గనుల్లో కొన్నింటిని మ్యూజియాలు చేశారని, జనం టికెట్ కొనుక్కుని లోపలికి పోయి చూసి వస్తారని ఆయన చెప్పినప్పుడు హాలు మొదటిసారి నవ్వింది.

"పైసలిచ్చి దిగుతరా సార్? మేము పైసలిస్తేనే దిగుతం."

"ఒక పూట దిగకుంటే నాగా గూడ వేస్తరా?"

ఆ నవ్వు నా దగ్గరికి కూడా వచ్చింది. "గీ టికెట్ ముచ్చట పోయిన నెలనే నువ్వు చెప్తే తిడ్తుంటిమి" అన్నాడు నా పక్కనున్నవాడు.

చివరికి కాక లేచి, "ఏమ్మా, మంచిగున్నది. మా ముచ్చటే వేరే దేశం నోట్లకెల్లి విన్నట్టున్నది. ఇసొంటియి నెలకొకటి పెట్టరాదు" అన్నాడు.

మేడం పెద్ద సారు వైపు చూశారు. పెద్ద సారు వాచీ చూసుకున్నారు. అది నేను ఓర్చుకోలేకపోయాను. మైకు నా ముందే ఉంది.

"పెట్టుడెక్కడిది కాకా. వచ్చే ఏడు ఈ కోర్సే ఉండదట. మేడం గూడ ఉండది" అన్నాను.

హాలంతా ఘొల్లున నవ్వింది. మొసలి మీద గోదావరి దాటినవాడి మాట కదా. కాక కూడా నవ్వుతూనే మేడం వైపు చూశాడు. ఆమె నవ్వడం లేదు. మైకు వైరును వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ నిలబడి ఉన్నారు. ముందు వరుస నుంచి వెనక వరుస దాకా నవ్వు ఆగిపోతూ పోయింది. ఒక మనిషి తర్వాత ఒక మనిషి ఆమె ముఖం చూడటం నేను చూశాను.

"నిజమేనా బిడ్డా?" అన్నాడు కాక.

"నిర్ణయం కాలేదు కాకా. పిల్లలు తక్కువున్నరు."

"నిర్ణయం చేసేది ఎవలు?"

మేడం చెప్పనక్కర్లేదు. హాల్లో ఇస్త్రీ మడతలు నలగని చొక్కా ఒక్కటే ఉంది. పెద్ద సారు లేచి, గొంతు సవరించుకుని, వచ్చినందుకు అందరికీ ధన్యవాదాలు చెప్పారు. ఎవరూ లేవలేదు. ఆయన గుమ్మం వైపు ఒక అడుగు వేశారు. దారి ఖాళీగానే ఉంది. ఎవరూ అడ్డం రాలేదు, ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఊరికే కూర్చుని ఆయన వైపు చూస్తున్నారు. మా బావ ఎప్పుడు పోయాడో, కెటిల్‌తో వచ్చి ఆయనకు టీ గ్లాసు అందించాడు. చేతిలో టీ ఉన్న మనిషి వెళ్లిపోలేడు.

"ఈ విషయం తప్పకుండా పరిశీలిస్తాం" అన్నారు పెద్ద సారు.

"పరిశీలిస్తమని మా మేనేజర్ సారు గూడ అంటడు సార్" అన్నాడు కాక మర్యాదగానే. "దాని తర్వాత మాట చెప్పుండ్రి."

"నేను మూయాలని రాలేదండీ. ఉంచాలనీ రాలేదు. చూసి రమ్మన్నారు."

"చూసిన్రు గద. ఏం చూసిన్రో మైకుల చెప్పుండ్రి. మా కాడ గదే రివాజు."

ఆయన టీ తాగారు. తాగుతున్నంతసేపూ చెమట కారుతూనే ఉంది. జాలేసింది నాకు. ఆయన మీద ఒకరు, వాళ్ల మీద ఇంకొకరు ఉంటారు. ఎవరో తీసుకున్న నిర్ణయాన్ని మోసుకురమ్మంటే వచ్చిన మనిషి. గ్లాసు బావకిచ్చి, స్టేజీ ఎక్కి, మైకు ముందు నిలబడ్డారు. నేను వాల్యూం కొంచెం పెంచాను. గుమ్మం పైన హారన్ ఉంది కాబట్టి టీ కొట్టు దాకా వినపడుతుంది.

"పిల్లలు లేని తరగతిని నేను నిలబెట్టలేను, ఎవరూ నిలబెట్టలేరు. అది అబద్ధం చెప్పను" అన్నారు. "కానీ ఈ ఏడు మూయొద్దని నేను వెళ్లి చెబుతాను. ఇక్కడ ఏం చూశానో అది కూడా చెబుతాను. వచ్చే ఏడు తరగతి నిండాలి. నిండకపోతే కాగితం పంపించను. నేనే వచ్చి, ఇదే మైకులో, ముందుగా మీకు చెబుతాను."

కాక లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"గిది మాట. మంచిదో చెడ్డదో తర్వాత చూద్దాం. మాటైతే మాట."

అప్పుడు లేచారు అందరూ. కుర్చీల చప్పుడు మధ్యలో, తండ్రి బదులు ఉద్యోగానికి వచ్చిన ఒక యువకుడు స్టేజీ దగ్గరికి వచ్చి మేడంను అడిగాడు. "మేడం, నాది డిగ్రీ అయింది. నౌకరీ చేసుకుంట చదవొచ్చా?" ఆ ఇంటర్ పిల్ల తల్లి కూడా ఆగింది. పెద్దది డిగ్రీ చేసి ఇంట్లోనే ఉందట. మేడం ఇద్దరికీ చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి కళ్లు తుడుచుకున్నారు. చెమట అనుకున్నాను. ఆ స్టేజీ మీద అట్లా అనుకోవడం సులువు.

ఉద్యోగంలో చేరుతున్న పిల్లలు దీన్ని విని పెద్ద విజయం అనుకుంటారు. ఒక్క ఏడాది దొరికింది, అంతే. ఒక్క ఏడాది అంటే ఏమిటో నెల నెలా కాంట్రాక్టు రాసుకునేవాళ్లను అడగండి. ఆ వేసవంతా కాక ఇల్లిల్లూ తిరిగాడు. రిటైరయ్యాక చేసిన మొదటి ఉద్యోగం అదేనని చెప్పుకునేవాడు. క్వార్టర్లలో డిగ్రీ అయి ఊరికే ఉన్నవాళ్లు ఇంతమంది ఉన్నారని మాకెవరికీ తెలియదు. వాళ్లను అడిగినవాళ్లూ లేరు. ఈసారి ఒక ఆటో చాలలేదు. పెద్ద సారు మైకులో చెప్పడానికి మళ్లీ రాలేదు. ఒక మనిషి రానందుకు అంత సంతోషించడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ యువకుడు కూడా చేరాడు. రాత్రి షిఫ్టు చేసి పొద్దున్నే తిన్నగా తరగతికి వచ్చేవాడు. చేరిన మొదటి వారంలోనే ఒకరోజు, నేను కిటికీ తుడుస్తుండగా చూశాను. ముందు బెంచీ మీద తల వాల్చి ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాడు. గురక కూడా ఉంది. ఎంత గురక అంటే, సరే, అది వదిలేద్దాం. పక్కనున్న అమ్మాయి మోచేత్తో పొడవబోయింది.

"లేపకు బిడ్డా, పండుకోనీ" అన్నారు మేడం. "పండుకున్నా తరగతి లెక్కల ఉన్నడు గద."

అని, గొంతు కొంచెం తగ్గించి పాఠం చెప్పుకుంటూ పోయారు.